మా ఎనుముకు తెలిసిన దొరసాని

మా పక్కింటి ఇంగ్లీషు అవ్వ పోయింది. పొద్దున పాలవేళకు ఆమె రాకపోతే అమ్మ పోయి తలుపు తట్టింది. నేను వెళ్ళేసరికి అవ్వ మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉంది. అమ్మ ఆమె కాళ్ళు సరిచేస్తూ, "పోయింది పాపా, మన ఎనుముకు ఎట్ల సెప్పేది ఇంక" అని ఏడుస్తోంది. ఊళ్ళో ఇంకెవరూ ఏడవలేదు. వాళ్ళకు అంతకంటే ముఖ్యమైన పని పడింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా పాకాల పెద్దమనుషులు కళ్ళతో ఆగలేదు, కోట కూడా కట్టారు. పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రానికే అవ్వ లండన్‌లో ప్రభువుల బిడ్డ అయిపోయింది. మర్నాటికి ఆ కోట చుట్టూ కందకం తవ్వారు. స్టేషన్ ఎదుట హోటలాయన అందులోకి నాలుగు ఏనుగుల్ని కూడా తోలాడు. ఇంగ్లండులో ఏనుగులెక్కడివయ్యా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఈయనే అవ్వ ఎదురైతే చెప్పులు విడిచి దండం పెట్టేవాడు. ఆమె జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడున్నప్పుడు మాత్రం ఒక గిన్నె గంజి పంపలేదు. అవ్వకు ఆ దండాల సంగతి తెలుసు. "నాకు దండం పెట్టే చెయ్యి ఖాళీగానే ఉండాది గదా, ఆ గడ్డిమోపు ఎత్తమను" అనేది.

ఆమె మొగుడు పటాలంలో ఈ దేశం వచ్చి, తర్వాత రైల్వేలో గార్డుగా చేరి, మా ఊళ్ళోనే కన్నుమూశాడు. పిల్లలు లేరు. తెల్లవాళ్ళంతా మూటలు కట్టుకొని ఓడలెక్కినప్పుడు ఈమె ఎక్కలేదు. స్టేషన్ వెనక, మా కొట్టాన్ని ఆనుకొని ఉన్న చిన్న పెంకుటింట్లో ఉండిపోయింది. వెలిసిన గౌను, హవాయి చెప్పులు, తలకు తువ్వాలు. టీలో పాలు పోసుకోదు, బెల్లం వేసుకుంటుంది. మాది పాలమ్ముకొని బతికే ఇల్లు. ఆ పాలతోనే నాయన లేని నన్ను అమ్మ చదివించి బడిపంతులమ్మను చేసింది. చెంబులో నీళ్ళు పట్టుకొని అమ్మ పాలక్యాను దగ్గరికి పోతే చాలు, గోడ అవతల నుంచి అవ్వ గొంతు వినిపించేది. పాలల్లో నీళ్ళు కలిపేది తాగేవాడికి మోసం కాదంట, ఎనుముకు అవమానమంట.

ఆమె మా కొట్టంలోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి. నేను ట్రైనింగు ముగించి ఇంటికొచ్చిన ఏడు మా ఎనుము తొలిచూలు దూడ చచ్చిపోయింది. దూడ లేనిదే ఎనుము పాలు చేపదు, పొదుగు రాయిలా ఉంటుంది. అప్పుడేం చేస్తారో పల్లెవాళ్ళకు తెలుసు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, నాలుగు కట్టెలు కాళ్ళుగా పెట్టి తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్ని నాకుతుంది, పాలు దిగుతాయి. అమ్మ కూడా అదే చేసింది. అవ్వ గోడ మీదినుంచి చూసి చూసి, లోపలికొచ్చి ఆ గడ్డిదూడను కాలితో పక్కకు తోసేసింది.

"దానికి తెలీదనుకుంటివా? బిడ్డ సచ్చిందని తల్లికి తెల్సు. నీ పిచ్చి సూసి జాలిపడి పాలిస్తాది, అంతే" అంది.

తర్వాత ఎనుము పక్కన గొంతుక్కూర్చుని, దాని డొక్కకు నుదురు ఆనించి, ముక్కుతో ఏదో సన్నగా మూలిగింది. పాట అనడానికీ లేదు. అమ్మ నడుముకు చేతులు పెట్టుకొని వేడుక చూసింది. ఎండ కొట్టంలోకి వచ్చేదాకా అవ్వ అట్లాగే కూర్చుంది, ఎనుము చేపింది. ఆనాటి నుంచి తాను పోయే ముందురోజు దాకా పొద్దునా సాయంత్రం ఆ ఎనుమును పిండింది ఆమే.

ఎక్కడ నేర్చినావవ్వా అని అడిగితే దాచలేదు. వాళ్ళ నాయన కూలోడు. పరాయి కమతంలో దున్నేవాడు. ఈమె పొదుగు అందేంత ఎత్తు ఎదిగిందో లేదో అదే కమతంలో ఆవులు పిండే పనికి పోయింది. చలికి చేతులు పగిలి నెత్తురొస్తే ఆవు కడుపు కింద పెట్టుకొని కాచుకునేదంట. ఇదంతా మాకే కాదు, అడిగిన ప్రతివాడికీ చెప్పింది. ఎవడూ నమ్మలేదు. తెల్లతోలుకు కూలిపని ఉంటుందంటే మావాళ్ళ బుర్రకెక్కదు. అమ్మ కూడా ముసలిది నవ్వులాటకు చెప్తోంది అనుకుంది. తిరిగి మీ ఊరికి ఎందుకు పోలేదంటే అవ్వ ఒకటే మాట అనేది: "ఆడ కూలోని బిడ్డని, ఈడ దొరసానిని. మీ ఎనుము కాడ కూసుంటే ఏదీ గాను."

ఇంతకీ పెద్దమనుషులకు పడిన పని ఏమిటంటే, సమాధికి రాయి. రిటైరైన స్టేషన్‌మాస్టరు రాసిపెట్టాడు: 'ఆంగ్లదేశ ప్రభువంశ సంజాత.' దాని కింద అవ్వ పేరు ఒక వరుస. ఆ కింద ప్రతిష్ఠించినవారి పేర్లు నాలుగు వరుసలు. ప్రభువుల బిడ్డను పూడ్చినవాళ్ళకు ఆ ప్రభువుల వాసన కాస్తయినా అంటకపోతుందా అని వాళ్ళ ఆశ. నేను పోయి అడిగింది ఒక్కటే, ఆ ముక్క తీసేసి 'ఈమె పాలు పిండేది' అని రాయమని. నవ్వారు. రుజువుంటే తెమ్మన్నారు.

తెచ్చాను. అవ్వ బైబిలు అట్ట లోపల ఆమె ఊరి పేరుంది. ఆ ఊరి చర్చికి జాబు రాశాను. రాయి పని నేను రుజువు తెచ్చేదాకా ఆగుతుందని పెద్దమనుషులు మాటిచ్చారు. కొన్ని వారాలకు అక్కడి పాదిరిగారు ఓపిగ్గా పుస్తకాలు తిరగేసి జవాబు పంపారు. అవ్వకు పేరుపెట్టిన నాటి రాతలో తండ్రి వృత్తి పొలం కూలి. తల్లిదండ్రుల పెళ్ళి పుస్తకంలో తల్లి సంతకం చోట ఇంటూ గుర్తు. అవ్వ పెళ్ళి నాటి రాతలో మొగుడికి సిపాయి అని ఉంది. ఆమె వృత్తి రాయాల్సిన గడిలో ఒక అడ్డగీత.

అడ్డగీత! కోడి కూయకముందే లేచి మందకు మంద ఆవుల్ని పిండిన చేతులకు ఆ దొరల దేశంలో దక్కింది అదీ. మా పంచాయతీ ఆఫీసు చావుల పుస్తకం ఏమన్నా మేలా అంటే, అందులో 'గార్డు పెండ్లాం' అని ఉంది. అక్కడివాళ్ళు గీత గీసి పారేశారు, ఇక్కడివాళ్ళు కోట కట్టి పూడ్చారు. ఎవరి ఒళ్ళు మండదు చెప్పండి?

జాబు తీసుకొని హోటలుకు పోయాను. పెద్దమనుషులంతా కాఫీల ముందున్నారు. చదివి తెలుగులో చెప్పాను. స్టేషన్‌మాస్టరు ముందుగా తేరుకొని, కూలివాడి కూతురని రాస్తే ఊరి పరువేం కావాలమ్మా అన్నాడు. పైగా రాయి పని అయిపోయిందట. నాకిచ్చిన మాటకు అదీ విలువ. చెక్కించడానికి డబ్బు తీసే చెయ్యి రాక రంగుతో రాయించేశారు.

సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన అమ్మ క్యాను పట్టుకొని గుమ్మంలో నిలబడి అంతా వింది. అమ్మ ఎప్పుడూ ఆ మనుషుల ముందు నోరెత్తి ఎరగదు.

"నేనూ నమ్మలేదు సామీ, ఆ యమ్మ సెప్తా ఉంటే నవ్వినాను" అంది. "ఇన్నేండ్లు మీ కాపీలో పోసింది ఆ కూలోని బిడ్డ పిండిన పాలే. అప్పుడు పోని పరువు ఇప్పుడు యాడికి పోతాది?"

హోటలాయన చేతిలో గ్లాసు తాగలేక, దించలేక అట్లాగే పట్టుకున్నాడు. కానీ రాయి మారలేదు. ఆదివారం పూలదండ వేసి, ఫోటో తీయించుకొని, రైలుకట్ట పక్కన అవ్వ తలదిక్కున నిలబెట్టి వచ్చారు. గడ్డిదూడను కాలితో తోసేసిన మనిషిని చివరికి గడ్డి కూరి నిలబెట్టారు.

అవ్వ పోయిన కొత్తలో మా ఎనుము మూడు రోజులు ఎవర్నీ పొదుగు ముట్టనివ్వలేదు. అమ్మ గడ్డిదూడ జోలికి పోలేదు. పక్కన కూర్చుని నుదురు ఆనించింది. మూలగడం చేతకాక ఏడ్చింది. నాలుగో రోజు కొంచెం చేపింది. అవ్వకు నేనేం రుణం తీర్చానో తెలియదు గానీ, అమ్మ మాత్రం ఆమె పద్ధతి నేర్చుకుంది.

ఇప్పుడు మేతకు వదిలితే ఎనుము రైలుకట్ట వెంబడే పోయి, శ్మశానం గోడ కూలిన చోట లోపలికి దూరుతోంది. అవ్వ నుదురు పెట్టిన డొక్కనే ఆ రాయికి ఆనించి, కళ్ళు మూసుకొని నెమరువేస్తూ ఒళ్ళు రుద్దుకుంటుంది. 'ప్రభువంశ' అన్నచోట రంగు అప్పుడే సగం లేచిపోయింది. మొన్న హోటలాయన మీ ఎనుమును కట్టేసుకోండని కబురు పంపాడు. అమ్మ సరేనంది. కొట్టంలోకి పోయి, పలుపు విప్పి, దాన్ని వీధిలోకి తోలింది.