చెప్పులకీ చప్పుడుకీ మధ్య

ఆరో తరగతికి శుక్రవారం ఆఖరి పీరియడు కవిత్వం. ఇరవై రెండేళ్లుగా ఆ పీరియడు ఆమెదే. పిల్లలకే కాదు, ఆఫీసు గుమాస్తాకి కూడా ఆమె ‘కవితల టీచరు’. ఇక ముందు ఆ పీరియడు ఉంటుందో ఊడుతుందో తేల్చడానికి శుక్రవారం తనిఖీ అధికారి వస్తున్నాడని హెడ్మాస్టరు సోమవారమే చెప్పాడు.

“లెక్కల మాస్టారు ఆ పీరియడు మీద అప్పుడే కర్చీఫ్ వేసేసుకున్నారమ్మా. ఇక మీ పిల్లలే దిక్కు.”

ఆమె పద్ధతి ఒకటే. ముందు తాను చదువుతుంది, తర్వాత పిల్లలు చదువుతారు, ఆ తర్వాత సొంతంగా నాలుగు పంక్తులు రాస్తారు. “రాగాలు తీయకండర్రా, ఇంట్లో అమ్మతో మాట్లాడినట్టు చదవండి” అంటుంది. వారమంతా, దొరికిన ఖాళీ పీరియడ్లలో కూడా, అదే చేయించింది.

రెండేళ్లుగా ఆమెకు ఆయాసం. చాక్‌పొడి పడటం లేదని అందరితో అంటుంది. పీల్చే మందు సంచి అడుగున రుమాలులో చుట్టి ఉంటుంది. అది అక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

శుక్రవారం అధికారి వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. మొదటి పిల్ల లేచి, టీచరు నేర్పిన కవిత అందుకుంది.

“వాన వెలిసినా మా పెరటి...” ఆగింది. భుజాలు కాస్త పైకెత్తి దించింది. “...రేకు ఇంకా మాట్లాడుతూనే ఉంది.”

రెండో పిల్లా అక్కడే ఆగింది. మూడో వాడూ అక్కడే. భుజాలతో సహా.

అయిదో పిల్ల దాకా టీచరుకు అర్థం కాలేదు. ఆ పంక్తి ఆమెకు ఒక్క ఊపిరిలో రాదు.

అధికారి రెండు జడల పిల్లను లేపాడు. “నువ్వు సొంతంగా రాసింది చదువు తల్లీ.”

“మెట్ల మీద నాన్న చెప్పుల...” భుజాలు లేచాయి. “...చప్పుడు వినగానే టీవీ ఆపేస్తాం.”

“బాగుంది. చెప్పులకీ చప్పుడుకీ మధ్య ఎందుకాగావు?”

“కవిత్వం అక్కడ ఆగుతుంది సార్.”

“అందరిదీనా?”

“అందరిదీ సార్. ఆగకపోతే మామూలు మాటైపోతుంది.”

క్లాసంతా తలూపింది.

వరండాలోకి వచ్చాక అధికారి పెన్ను మూత పెట్టాడు. “చిలకల్ని తయారుచేశారమ్మా. రాతలో కూడా చిలకలే.”

“వాళ్ల తప్పు కాదు సార్.”

“మరెవరిది?”

ఆమె సంచిని చంకలోకి లాక్కుంది.

ఇంట్లో అక్క బట్టలు మడతపెడుతూ జరిగిందంతా విన్నది. “ఆయాసమని చెప్పేయాల్సింది కదే.”

“చెబితే మిగతా క్లాసులూ పీకేస్తారే అక్కా.”

“ఇప్పుడు పిల్లల మీద పడింది కదా.”

ఆమె తనవైపు దుప్పటి అంచు పట్టుకుంది. ఇద్దరూ దాన్ని మడిచారు.

తర్వాతి శుక్రవారం ఆఖరి పీరియడులో ఆమె హాజరు పట్టీ ఇచ్చేసి వస్తూ ఆరో తరగతి ముందు నుంచి నడిచింది. లోపల లెక్కల మాస్టారు పదిహేడో ఎక్కం చెప్పిస్తున్నాడు.

“పదిహేడు ఆర్లు నూట...” అన్నారు పిల్లలు. “...రెండు.”

“నూటకీ రెండుకీ మధ్య ఏం గుంట పడిందర్రా? ఆగకుండా చెప్పండి!”

పిల్లలు మళ్లీ మొదలుపెట్టారు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. పెదాలతో వాళ్ల వెంట చెప్పబోయి, మధ్యలో ఊపిరి చాలక ఆగింది.

పిల్లలు ఆగలేదు.