ఆకుపచ్చ చుక్క జాకెట్ ముక్క

2007, మే నెల రెండో ఆదివారం. భద్రాచలం, మా ఇల్లు. సత్యనారాయణ వ్రతం.

హాజరైనవారు: నేను, నా భార్య. సత్తుపల్లి నుంచి మా అక్క. మణుగూరు నుంచి మా తమ్ముడు, అతని భార్య, వాళ్ల కూతురు. పర్ణశాల నుంచి మా చెల్లెలు. అక్క భర్త రాలేదు, పామాయిల్ గెలల కోత ఉందట. చెల్లెలి భర్త రాలేదు, నడుము పట్టేసిందట.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. గనుల స్టోర్సులో పనిచేసి రిటైరైన వాణ్ని. ఎవరున్నారో ముందు రాసుకుని, ఏం జరిగిందో తర్వాత రాసుకోవడం ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు.

తమ్ముడి కూతురు అప్పుడు హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్ మేనేజ్‌మెంట్ చివరి సంవత్సరం చదువుతోంది. ఆ పేరు మా ఇళ్లలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. సీటు వచ్చిన రోజున తమ్ముడు ఆ కాగితాన్ని నా ముందు పడేసి, "దర్జీ పనికి యూనివర్సిటీ ఏంది అన్నా? మా గల్లీల మిషిను కుట్టేటోడు ఏ యూనివర్సిటీకి పోయిండు?" అన్నాడు. అప్పుడు పిల్ల తరఫున మాట్లాడింది మా చెల్లెలు ఒక్కతే. ఆమె పర్ణశాలలో గుడి దారిలో కొబ్బరికాయల దుకాణం నడుపుతుంది, చదువు అయిదో తరగతితో ఆగింది. మేనకోడలు చెప్పిన మాటలు పాఠంలా పట్టుకుని అప్పజెప్పింది. "కుట్టుడు కాదంట అన్నా. బట్ట పుట్టిన కాడి నుంచి చినిగేదాక మొత్తం చదువంట. మన ఇంట్ల అసుంటి చదువు ఎవ్వలు చదివిండ్రు? పోనియ్యి." తమ్ముడు కాదంటే గడపలో కూర్చుంది. అన్నానికి లేవలేదు. సాయంత్రానికి అతనే దిగివచ్చాడు.

కానీ ఇంట్లో పరువు మాత్రం దక్కలేదు ఆ చదువుకి. సెలవులకి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చినిగిన లంగానో, ఊడిన హుక్కునో పిల్ల ఒళ్లో పడేసేవారు. ఆమెకు కుట్టు సరిగా వచ్చేది కాదు, యూనివర్సిటీలో నేర్పేది వేరే. "ఇన్నేళ్లు చదివి హుక్కు కుట్టడం రాదేంటే? రేపు అత్తగారింట్లో బట్టల మీద ఉపన్యాసం చెప్తావా?" అని మా అక్క నవ్వేది. పిల్ల పళ్లు బిగించి కుట్టేది. సూది గుచ్చుకునేది. అది చూసి ఇంకా నవ్వేవాళ్లు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె ఎంచుకున్నది జాకెట్ ముక్కలు. మా వైపు ఇంటికొచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టనిదే పంపరు. అలా వచ్చిన ముక్కను కుట్టించుకునేవాళ్లు అరుదు. మడత విప్పకుండా ట్రంకుపెట్టెలో వేసి, ఇంకొకరు వచ్చినప్పుడు తీసి పెడతారు. వాళ్లూ అంతే. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఒక ముక్క ఎన్ని ఇళ్లు తిరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది పిల్ల పట్టుకోవాలనుకుంది. గుర్తు ఎలా పెట్టాలని నన్ను అడిగింది. స్టోర్సులో పనిముట్ల పిడికి రంగు చుక్క పెట్టేవాళ్లమని చెప్పాను. దసరాకు వాళ్లమ్మ మణుగూరు బజారులో డజను ముక్కలు కొన్నప్పుడు, ఒక్కొక్క దాని మూలన ఆకుపచ్చ పట్టుదారంతో చిన్న చుక్క కుట్టింది. సూది పట్టుకుని, ఒకరి వెక్కిరింత లేకుండా ఆమె చేసిన పని అదొక్కటే.

ఫిబ్రవరిలో ప్రాజెక్టు తిరగ్గొట్టారు. అక్కడి మేడమ్ అన్న మాటను వ్రతం ముందు రోజు సాయంత్రం నాకు చెప్పింది. "బట్ట తిరిగిందని రాసినవ్, బాగుంది. తొడుక్కున్న మనిషి ఏది? వాడిన మనిషి లేకుండా నీ ప్రాజెక్టు ముగియదు" అన్నదట. తమ్ముడు అప్పటికే తేల్చేశాడు. జూన్‌లో పాస్ కాకపోతే సర్టిఫికెట్లు తెచ్చుకుని మణుగూరులో కూర్చోవాలి.

"ఎవ్వలూ తొడుక్కోరు పెదనాన్నా," అంది పిల్ల. "పర్ణశాల ఒక్కటి పోలే, మిగిలిన అందరి ఇండ్లల్ల అడిగిన. పెట్టెలల్లనే ఉన్నయి. ఒక్కరన్న కుట్టిచ్చుకోకపోతే నా చదువు ఇంతటితోని సరి."

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే చెల్లెలు వచ్చింది, తాటి ముంజల గంపతో. నీలం చీర కట్టుకుంది. జాకెట్టు కొత్తది. తడిసిన అట్టపెట్టె రంగు. ఆ చీరకూ ఆ రంగుకూ పొత్తు లేదు. చేతుల అంచు చుట్టూ ఆకుపచ్చ దారంతో చుక్కలు కుట్టి ఉన్నాయి. అవి కనబడేలా కొంగు భుజం మీదికి రానివ్వకుండా నడుములో దోపింది. నా భార్య చూపు ఆ చేతి మీద పడి, వెంటనే ప్రసాదం గిన్నె మీదికి పోయింది.

వ్రతం అయింది. కథ విన్నాం. నా భార్య ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి ముక్కలు ఇచ్చింది. వచ్చినవాళ్లు తెచ్చినవి ఆమెకిచ్చారు. అప్పుడు పిల్ల లేచి, "ఎవ్వలూ సంచిల పెట్టకుండ్రి," అని గదికి అడ్డంగా నిలబడింది.

"ఏంటే ఇది, పోలీసు సోదాలా?" అంది అక్క.

"అవ్ పెద్దత్తా, సోదానే. మూలలు చూపియ్యుండ్రి."

కిటికీ చువ్వలకు బట్టల క్లిప్పులతో ఒక అట్ట తగిలించింది. దాని మీద మా ఊళ్ల పేర్లు, మధ్యలో బాణాలు. తల్లి చేతిలోని చిలకపచ్చ ముక్క తీసుకుని మూల తిప్పింది. ఆకుపచ్చ చుక్క.

"గిది దసరాకు అమ్మ పెద్దత్తకు పెట్టింది. శివరాత్రికి పెద్దత్త పెద్దమ్మకు పెట్టింది. ఇయ్యాల పెద్దమ్మ మళ్ల అమ్మకు పెట్టింది."

"అంటే నా ముక్క నాకే వచ్చిందా!" అంది తమ్ముడి భార్య.

"అడ్రస్ దొరకని ఉత్తరం లెక్క వచ్చింది," అన్నాడు తమ్ముడు. ఇల్లంతా నవ్వింది. అక్క కళ్లు తుడుచుకుంది. "నేనేం చెయ్యను, ఆ పచ్చ వేసుకుంటే నన్ను తోటలో చిలకలు పొడుస్తాయి" అంది.

అందరికంటే ఎక్కువ నవ్వింది చెల్లెలు. నవ్వుతూ నవ్వుతూ చెయ్యి చాపింది.

"నేను తిప్పలే బిడ్డా. నాది నేను కుట్టిచ్చుకున్న. సూడు, నీ చుక్క గీడనే ఉన్నది. నువ్వు పెట్టినవని నాకేమెరుక? కంపెనీ గుర్తనుకున్న. ఖరీదు బట్టకే అసుంటి గుర్తు ఉంటదనుకొని, చేతికాడ కనపడేటట్టు కుట్టుమని దర్జీకి చెప్పిన. ఒక్కటే ఉంటే బోసిగున్నదని చుట్టూ నేనే కుట్టిన."

పిల్ల ఆ చెయ్యి పట్టుకుంది. వరుసలో తన చుక్క ఏదో వెతికింది. దొరికింది.

"పెదనాన్నా, దొరికింది! తొడుక్కున్న మనిషి దొరికింది!"

చెల్లెలి ముఖం వెలిగింది. "నా తోని నీకు పని పడ్డదా? ఏం చెయ్యాలె చెప్పు."

పిల్ల ఆమెను కిటికీ పక్కన నిలబెట్టింది. చెయ్యి ఎత్తమంది. అటు తిరగమంది, ఇటు తిరగమంది. కెమెరా మెరిసింది. పెన్ను తీసి, "ఎందుకు కుట్టిచ్చుకున్నవ్ చిన్నత్తా?" అని అడిగింది.

"పెద్దొదిన నా కోసమని ఏరి పెట్టింది కదా. మల్ల ఎవ్వలకన్న పెడితే పాపం తగులుతది."

నా భార్య ప్రసాదం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

"ఏరలే అత్తా," అంది పిల్ల, రాసుకుంటూనే. ఆమెకు ఆ క్షణాన అట్ట మీది బాణాలు తప్ప ఇంకేం కనబడడం లేదు. "డజను కొంటే దుకాణమాయన కొసరు కింద ఇచ్చిన ముక్క గిది. అమ్మ పెద్దత్తకు పెట్టింది, పెద్దత్త పెద్దమ్మకు, పెద్దమ్మ నీకు. రంగు ఎవ్వలకూ నచ్చలే. గందుకే జల్దీ జల్దీ తిరిగింది."

"నచ్చడమా!" అంది అక్క. "పెట్టెలో ఉంచితే మిగతా బట్టలకి ఆ రంగు అంటుకుంటుందేమోనని వారం తిరక్కుండా పంపించేశా. దీన్ని ఏ మహాతల్లి కుట్టించుకుంటుందో చూడాలి అనుకున్నా. ఇదిగో, మా ఇంట్లోనే పుట్టింది!"

"మన చెల్లెకు కొసరైనా పట్టుబట్టే," అన్నాడు తమ్ముడు.

"పైగా చుట్టూ చుక్కలు! జాతరకి తోలే ఎద్దుకి అద్దినట్టు!" అంది అక్క.

తమ్ముడి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. చెల్లెలు కూడా నవ్వింది. అందరి నవ్వు ఆగాక కూడా ఆమెది కాసేపు ఆగలేదు. తర్వాత దోపిన కొంగు తీసి భుజాల చుట్టూ కప్పుకుంది.

"అత్తా, కొంగు తియ్యి," అంది పిల్ల. "చుక్క కనపడ్తలేదు."

తీసింది.

"ఇంక చాలు, అన్నాలకు లేవండి," అన్నాను.

"ఒక్క నిమిషం పెదనాన్నా, వీపు దిక్కు రాలే."

భోజనాల దగ్గర చెల్లెలే వడ్డించింది. ఎవరికి ఏ కూర ఇష్టమో అడిగి అడిగి వేసింది. తిన్నాక నా భార్య పెట్టె తెరిచి, అడుగున దాచుకున్న పట్టు ముక్క ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చెల్లెలు ముందు మూల తిప్పి చూసింది. చుక్క లేదు. "మంచిగున్నది వొదినా," అని గూట్లో పెట్టింది. అది ఆ గూట్లోనే ఉండిపోయింది.

అక్కా, తమ్ముడివాళ్లూ ఆ రోజుకి ఆగారు. చెల్లెలు వెళ్లిపోతానంది గాని బస్సు లేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, గడ్డం గీసుకునే పాత బ్లేడు ఉంటే ఇమ్మంది. గోళ్లకేమో అనుకుని ఇచ్చాను. నా భార్య పాత తెల్లజాకెట్టు కూడా అడిగి తీసుకుంది. చెమటకు ఒళ్లు చీదరగా ఉందని చెప్పిందట.

పొద్దున మేం టీలు తాగుతున్నాం. చెల్లెలు అప్పటికే స్నానం చేసింది. ఒంటి మీద వదులుగా నా భార్య జాకెట్టు. దేవుడి దగ్గరి పళ్లెం చేత్తో పట్టుకుని వచ్చింది. అందులో కుంకుమ భరిణె, రెండు తమలపాకులు, ఒక అరటిపండు, మడత పెట్టిన బట్ట.

"దా బిడ్డా, కూసో," అని మేనకోడల్ని పీట మీద తూర్పుముఖంగా కూర్చోబెట్టింది. నుదుట బొట్టు పెట్టింది. తమలపాకులతో పాటు ఆ మడతను చేతుల్లో పెట్టింది.

పిల్ల విప్పింది. జాకెట్టు కాదు. జాకెట్టు కుట్లన్నీ విప్పేసిన ముక్కలు. వీపు, ముందు భాగాలు, పట్టీలు, రెండు చేతులు. పరుపు కింద పెట్టి మడత నిలిపినట్టుంది. కుట్లు పోయిన చోట సూది బెజ్జాలు వరుసగా కనబడుతున్నాయి. తను కుట్టిన ఆకుపచ్చ చుక్కలన్నీ తీసేసింది. ఒక చేతి అంచున పిల్ల పెట్టిన చుక్క ఒక్కటే ఉంచింది.

"నీ ముక్క నీకు చేరింది," అంది చెల్లెలు. "ఇగ దీన్ని ఎవ్వలకూ పెట్టే పని లేదు."

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. తమ్ముడు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో నా భార్య నిలబడిపోయింది.

పిల్ల ముక్కల్ని ఒళ్లో పరుచుకుంది. ఒక్కొక్కదాన్నీ తాకింది. చుక్క ఉన్న చేతిని వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. ఏదో ఒకటి అంటుంది అనుకున్నాను.

"చిన్నత్తా," అంది. "ఒక్క నిమిషం ఆగవా? కెమెరా తెస్త. మల్ల ఒక్కసారి పెట్టు."

చెల్లెలు సంచి భుజానికి తగిలించుకోబోతోంది.

"ప్రాజెక్టుకేనా?"

"అవ్ అత్తా. గిదే ఆఖరి పేజీ. గిది ఉంటే పాస్ చెయ్యక తప్పదు వాళ్లకు."

చెల్లెలు సంచి కింద పెట్టింది. పళ్లెం తీసుకుని ముక్కల్ని మళ్లీ మడత పెట్టింది, ముందు ఎలా ఉన్నాయో అలాగే. పీట ముందు కూర్చుని, పిల్ల నుదుటి మీది బొట్టు తన కొంగుతో తుడిచింది. కెమెరా తమ్ముడి చేతికి వచ్చింది.

"చెల్లే, జర గిటు తిరుగు. నీ చెయ్యి అడ్డమొస్తున్నది."

తిరిగింది. బొట్టు పెట్టింది. ముక్కలు అందించింది. ఫోటో కదిలిపోయిందన్నాడు. మళ్లీ తుడిచి మళ్లీ పెట్టింది. చుక్క లోపలికి మడత పడిందని పిల్ల చెప్పింది. చెల్లెలు ఆ చుక్క పైకి వచ్చేలా మడత తిప్పింది.

"కొంచెం నవ్వు అత్తా."

మూడోసారి బాగా వచ్చింది. పర్ణశాల బస్సు అప్పటికే వెళ్లిపోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా చెల్లెలు సంచి ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది.