కొత్త షేరు, పాత యజమానులు

నేనెవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కొత్త కంపెనీ షేరు మార్కెట్లోకి వచ్చే రోజు పొద్దున నాకు అన్నం సహించదు. డైరీలో కూడా తలనొప్పి అనే రాసుకుంటాను.

కరోనా తగ్గిన ఏడాది నేను మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఒక షేర్ బ్రోకర్ ఆఫీసులో చేరాను. అప్పుడు ఊరంతా ఐపీఓల పిచ్చి. ఐపీఓ అంటే కంపెనీ షేర్లను మొదటిసారి జనానికి అమ్మడం. అడిగేవాళ్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు. అందుకే ఇంట్లో అందరి పేర్లమీదా దరఖాస్తు వేయడం ఇక్కడ అలవాటు. నరేశ్ అనే కస్టమర్ తన పేరు, భార్య పేరు, తల్లి రాజవ్వ పేరు వేశాడు. తల్లికే తగిలింది.

లిస్టింగ్ రోజున, అంటే షేరు అమ్మకాలు మొదలయ్యే రోజున, ధర చూస్తుండగానే పైకి పోయింది. తల్లీకొడుకులు నా టేబుల్ ముందు కూర్చున్నారు. రాజవ్వ ఆస్పత్రిలో ఆయాగా చేసి అప్పుడే రిటైరైంది.

"అమ్మేద్దామంటే ఇంటలేదక్కా. మా అమ్మ పెద్ద సేఠైపోయింది," అన్నాడు నరేశ్.

"అమ్ముడెందుకురా? ఇంక కొందాం. నా రిటైర్మెంట్ పైసలన్నీ దీంట్లనే పెడత," అని రాజవ్వ నా వైపు తిరిగింది. "కొత్త లేఅవుట్ల ముందుగాల ప్లాట్ కొన్నోళ్లే బాగుపడ్డరు బిడ్డా. గిది గూడ గంతే గదా?"

లోపలి నుంచి మా సార్ మరాఠీలో, "ఆర్డర్ ఘే, బోలత్ బసూ నకో," అన్నాడు. మాటలు చాలించి ఆర్డర్ తీసుకోమని.

అయినా అన్నాను. "పెద్దమ్మా, ముందుగాల కొన్నోళ్లం మనం కాదు. ఎన్నడో పైసలు పెట్టినోళ్లు ఇప్పుడు మనకు అమ్ముతున్నరు. వాళ్ల దగ్గర ఇంకా మస్తున్నయి. కొన్ని నెలలు అమ్మొద్దని కట్టడి. లాకిన్ అంటరు. అది తీరితే అవి గూడ బజార్లకొస్తయి."

"మంచి ప్లాటైతే ఎందుకు అమ్ముకుంటరు?"

"అది నాకూ తెల్వదు పెద్దమ్మా."

"అన్నీ తెలిస్తే అక్క ఈడెందుకు కూసుంటది?" అని నరేశ్ నవ్వాడు.

రాజవ్వ నవ్వలేదు. ఉన్నవి ఉంచుకుంది, కొత్తవి కొనలేదు.

తర్వాతి వారాలు నాకు నరకం. షేరు ఇంకా పెరుగుతూనే ఉంది. రోజూ కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు దాని ధరే చూసేదాన్ని. నా మాట విని ఆమె నష్టపోయిందా అని లెక్కలు వేసుకునేదాన్ని. లాకిన్ తీరాక అమ్మకాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాదికల్లా ఐపీఓలో ఆమెకు షేర్లు వచ్చిన ధరకన్నా కిందికి పడింది. నాకు సంతోషమేమీ కలగలేదు. అదే కాలంలో వచ్చిన మరో షేరు ఏళ్లతరబడి పెరిగింది. దాని గురించి ఎవరైనా అడిగి ఉన్నా నేను ఇదే మాట చెప్పి ఉండేదాన్ని, విన్నవాళ్లు నష్టపోయేవాళ్లు.

నేను నేర్చుకున్నది ఇంతే. లిస్టింగ్ రోజు ధరలో కనపడేది జనం ఆత్రం. కంపెనీ సత్తా తెలియాలంటే కొన్నేళ్ల లెక్కలు బయటికి రావాలి, వెళ్లిపోదలచిన పాతవాళ్లు వెళ్లిపోవాలి. అప్పటికి ఏది నిలుస్తుందో నా టేబుల్ దగ్గర ఎవరూ చెప్పలేరు.

మొన్న ఇంకో ఐపీఓకు రాజవ్వ ఒక్కతే వచ్చింది. నేను దరఖాస్తు తెరవబోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది.

"ఆగు బిడ్డా. గీ కంపెనీల అమ్ముకొని పోయేటోళ్లు ఎవలో ముందుగాల గది చెప్పు."