మా మామా నేనూ మానుకున్న మాటలు

మా మామ పొడవైన మనిషి. ఆ సంగతి నాకు పెళ్లయిన చాలా రోజులకు గానీ తెలియలేదు.

కేతేపల్లి దగ్గరి ఒక ఊరికి నేను కోడలిగా వచ్చినప్పుడు ఆయన నడుం ఎప్పుడూ ముందుకు వంగే ఉండేది. ఊరి నడుమ కోటలాంటి దొర గడీ. చేనుకు పోవాలన్నా, బాయికి పోవాలన్నా దాని ముందు నుంచే దారి. చెప్పులు చేతపట్టుకుని, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, వంగి నడవాలి. చిన్నప్పటి నుంచీ అట్లా నడిచి నడిచి, గడీ దాటాక మళ్లీ నిలబడాలన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

నడుముకు ఉన్నట్టే నాలుకకూ ఒక అలవాటుండేది. "బాంచెన్ దొరా." నీ బానిసను అని దాని అర్థం. దొరతో ఆ మాట అందరూ అనేవాళ్లే. మామ పట్వారీతోనూ అనేవాడు, పోలీసు జవానుతోనూ అనేవాడు, ఆముదాలు కొనవచ్చిన షావుకారుతోనూ అనేవాడు. తుమ్మినా బాంచెన్ అనే తుమ్ముతాడని మా అత్త ఎగతాళి చేసేది.

నాకూ ఒక మాట ఉండేది. "నాకేం తెల్వది." అత్తగారింటికి పంపేటప్పుడు నన్ను కన్న మా అవ్వ నాకు నేర్పిన విద్య అదొక్కటే. "ఎవలేమడిగినా నాకేం తెల్వది అను బిడ్డా. తెల్సంటే పని జెప్తరు, తెల్వదంటే తిడ్తరు. తిట్లు చెవులకెల్లి పోతయ్, పని నడుం మీదనే వడ్తది" అంది. నేను ఆ మాటను ప్రాణంగా పట్టుకున్నాను. పప్పులో ఉప్పేసినవా అంటే నాకేం తెల్వది. కోడి యాడ గుడ్డు పెట్టింది అంటే నాకేం తెల్వది. అప్పుడు గుడ్డు నా కొంగులోనే ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఊళ్లోకి దొరలను ఎదిరించే సంఘం వచ్చింది. నా పెనిమిటి అందులో కలిశాడు. కొన్నాళ్లకు దొర పెళ్లాం పిల్లలతో కచ్చడం బండి కట్టించుకుని పట్నం పోయాడు, గడీ తలుపులకు తాళం పడింది. సంఘం వాళ్లు ఊరి నడుమ సభ పెట్టారు. వెట్టి చెయ్యొద్దన్నారు, అప్పు తెచ్చిన గింజలకు వడ్డీగా నాగులు కట్టొద్దన్నారు. చివరగా నా పెనిమిటే లేచి నిలబడి గట్టిగా చెప్పాడు.

"ఇగ నుంచి మనూర్ల ఎవ్వలు ఎవ్వలకీ బాంచెన్ అనొద్దు. సమజైందా?"

అందరికంటే ముందు మా మామ లేచి రెండు చేతులూ జోడించాడు.

"అనం బాంచెన్!"

సభ సభంతా గొల్లుమంది. నా పెనిమిటి తల పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక తండ్రీ కొడుకులకు పేచీ. "గంత మందిల నా ఇజ్జత్ తీస్తివి గదనే బాపూ" అని కొడుకు.

"నేనేం జేద్దు కొడుకా? నోట్లకెల్లి గదే ముందుగాల ఉరుకుతది. ఎన్కకు గుంజుదామంటే చేతికి చిక్కది" అని తండ్రి.

తలుపు చాటున ఉన్న నాకు నవ్వు ఆగలేదు. పకపకా నవ్వాను. అత్త ఇటు తిరిగి, "ఏమైందే, ఎందుకు నవ్వుతున్నవ్?" అంది.

"నాకేం తెల్వది" అన్నాను.

మామ తల ఎత్తాడు. అప్పటిదాకా ఆయన నాతో నేరుగా మాట్లాడిందే లేదు. ఏది కావాలన్నా అత్తతో చెప్పించేవాడు. ఆ రోజు నావైపే చూశాడు.

"నాదొక్కటే అవుపడ్తాందా అందరికి? గీ పిల్ల దినమంత గా ఒక్క మాటతోనే ఎల్లదీస్తాంది. బిడ్డా, నువ్వు నా మాటకు కావలుండు, నేను నీ మాటకు కావలుంట. ఎవల నోట్లకెల్లి వస్తే వాళ్లకు దండుగ."

దండుగ ఏమిటో అత్త తేల్చింది. మామ బాంచెన్ అంటే ఆ పూటకు జొన్నలు విసరాలి. నేను నాకేం తెల్వది అంటే, అడిగినదానికి అందరి ముందూ జవాబు చెప్పి తీరాలి. నాది ఎంత తేలికైన దండుగని మురిసిపోయాను.

మర్నాడు పొద్దు పొడవకముందే మామ దొరికిపోయాడు. కొట్టంలో ఎద్దు ఆయన కాలు తొక్కింది. "బాంచెన్, కాలు తియ్యి" అన్నాడు. నేను పేడ గంప అక్కడే దింపి ఇంట్లోకి ఉరికి అత్తకు చెప్పాను. మామ గునుస్తూనే తలుపు దగ్గరికి వేసి విసుర్రాయి ముందు కూర్చున్నాడు. మగవాళ్లు విసుర్రాయి ముట్టని ఊరు మాది. ఆయన గిర్రుమని తిప్పితే పిండి కంటే నూకలే ఎక్కువ రాలాయి. అంతలో పక్కింటామె నిప్పు కోసం తలుపు తోసుకుని వచ్చి నోరు తెరిచింది.

"గదేంది బావా, నువ్వు ఇసుర్తున్నవ్?"

మామ చెయ్యి ఆపకుండానే, "నడుం నొప్పికి మంచిదంట" అన్నాడు.

మా కొట్టానికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒకే గోడ. మర్నాడు ఆ గోడ అవతల విసుర్రాయి చప్పుడుతో పాటు ఆమె పెనిమిటి మూలుగు కూడా వినిపించింది. ఆయనకూ నడుం నొప్పే.

నా దండుగ తేలిక కాదని నాకు మిరపకాయల నాడు తెలిసింది. ఇంటి ముందు పండు మిరపకాయలు ఎండబోశాం. అందరం చేనుకు బయల్దేరుతుంటే మామ మొగులు చూసి అడిగాడు. "బిడ్డా, వాన వడ్తదా? కాయ ఎత్తాల్నా, ఉండనియ్యాల్నా?"

"నాకేం..." అని నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. అత్త కొడవలి కింద పెట్టి, "జెప్పు మరి" అని నడుం మీద చేతులు వేసుకుంది. నేను మొగులు వైపు చూశాను. అంతవరకూ ఎన్నిసార్లు చూశానో గానీ, జవాబు చెప్పడానికి చూడటం అదే మొదలు. "వడది" అన్నాను.

మేం చేను చేరేలోపే పడింది. ఉరుక్కుంటూ వచ్చేసరికి కాయలు నీళ్లలో తేలుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అత్త తిట్లకు నోరు తెరవబోతుంటే మామ అడ్డుపడ్డాడు.

"తప్పు జెప్పినా జెప్పింది గదా. రేపటికి జర నిమ్మళంగ జూసి జెప్తది."

ఆ ఏడు మేం బూజు పట్టిన కారమే తిన్నాం. కానీ ఆ రోజు నుంచి నాకొక కొత్త జబ్బు పట్టుకుంది. నా మాట నా చెవికి వినబడసాగింది. రోజుకు అన్నిసార్లు ఆ మాట అంటానని అంతకుముందు నాకు తెలియనే తెలియదు. అనబోయి ఆగినప్పుడల్లా లోపల వెతికితే ఏదో ఒకటి దొరికేది. ఏ గట్టున నీళ్లు కారుతున్నాయో, ఏ మేక ఈనడానికి దగ్గరికొచ్చిందో, ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. చూసినదాన్ని నాదని చెప్పుకోవడానికే భయం. చెప్తూ పోతుంటే సగం తప్పులు, సగం ఒప్పులు. నాలుగు నెలలు గడిచేసరికి ఒప్పులు ఎక్కువయ్యాయి. మా అవ్వ చెప్పినట్టే పని కూడా ఎక్కువైంది. ఆ సంగతిలో ఆమెది అబద్ధం కాదు.

మామకు విసురుడు తగ్గుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన చేను నుంచి వచ్చి గడప దాటుతుంటే ఠప్పున చప్పుడైంది. ద్వారబంధం నుదుటికి తగిలింది. ఇన్నేళ్లుగా వంగి దూరిన తలుపులోంచి ఆ రోజు మరిచిపోయి నిలువుగా వచ్చాడు. అత్త బొప్పికి పసుపు రాస్తూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "గీ ఇల్లు గట్టినప్పుడు నువ్వు గింత పొడుగు లేకుంటివి గదయ్యా!"

తర్వాత యూనియన్ మిలట్రీ వచ్చింది. నైజాం రాజ్యం పోయిందని ఊళ్లో డప్పులు కొట్టారు. ఆ సంబురం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ మిలట్రీయే సంఘం వాళ్లను వెతకడం మొదలుపెట్టింది. నా పెనిమిటి ఒక గొంగడి భుజాన వేసుకుని, ఎక్కడికో చెప్పకుండానే పోయాడు. వాళ్లంతా కృష్ణకు ఇవతలే అమ్రాబాద్ అడవుల్లో దూరారని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఒక పగలు సిపాయిలు మా ఇంటికి వచ్చారు. వాళ్ల పెద్దకు మన మాట రాదు, మాటలు మార్చి చెప్పడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకున్నాడు. గడ్డివాములో తుపాకుల కొనకున్న బాకులు దింపి చూశారు. గింజల గుమ్మి మూత తీసి చూశారు. చివరికి ఆముదాలు కొడుతున్న నా ముందు నిలబడ్డారు.

"నీ మొగడు యాడున్నడు?" అని అడిగాడు మాటలు మార్చే మనిషి.

పాత మాట గొంతు దాకా వచ్చింది. అంతకంటే మంచి జవాబు ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ లేదు. కానీ ఎదురుగా మామ ఉన్నాడు. అంత భయంలోనూ అలవాటు కొద్దీ నావైపు వేలెత్తి, కావలి మనిషిలాగా కళ్లు పెద్దవి చేశాడు. నేను ఆ మాట మింగేశాను.

"తెల్సు సారూ" అన్నాను.

మామ వేలు దిగిపోయింది. మొహం పాలిపోయింది.

"ఏం తెల్సు?"

"ఆయన సంగతి అంత తెల్సు సారూ. ఆయన పుట్టిన్నాడు వాగొచ్చిందంట, మంత్రసాని అవతలి ఒడ్డుకే నిలవడ్డదంట. గందుకే ఆయనకు నీళ్లంటే భయం. వంకాయ తినడు. పచ్చిపులుసైతే గురిగి ఖాళీ జేస్తడు. గురక వెడ్తడు, గా కొట్టంల ఎడ్లు గూడ బెదుర్తయ్. మా లగ్గం నాడు ఎద్దు దప్పిపోయిందని దాన్ని దేవులాడవోయి పొద్దుగూకినంక వచ్చిండు. మొన్న పోయేటప్పుడు మా నాయిన ఇచ్చిన కొత్త గొంగడి ఎత్కపోయిండు. నల్లగుంటది సారూ, అంచుకు ఎర్రదారం. మీకు ఆయన అవుపడ్తే జర గా గొంగడి ఇడిపించుకొని రాన్రి..."

ఆ మనిషి మొదట మాటకు మాట చెప్పాడు. పచ్చిపులుసు దగ్గర తడబడ్డాడు. ఎద్దు తప్పిపోయేసరికి చెప్పడమే మానేశాడు. సిపాయిల పెద్ద, ఈమె ఏమంటోందని గద్దించి అడిగితే చెయ్యి ఊపి ఏదో ఒక్క ముక్క అన్నాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగి వెళ్లిపోయారు.

వాళ్లు మూల మలుపు తిరిగాక నేను ఆముదాల పక్కనే కూర్చున్నాను. ఆయన ఎక్కడున్నాడో నాకు నిజంగానే తెలియదు. తెలిసినవన్నీ చెప్పాను. మామ నా పక్కన కూర్చుని, "గిన్ని మాటలు యాడ దాస్కున్నవే బిడ్డా?" అన్నాడు. అందరి ఇళ్లూ అట్లా గట్టెక్కలేదు. కింది వాడలో ఒకాయనను పట్టుకుపోతే, తిరిగి వచ్చినప్పుడు కర్ర సాయంతో వచ్చాడు. అందుకని ఈ సంగతి మేం నవ్వుకుంటూ చెప్పుకున్నా ఇంట్లోనే చెప్పుకునేవాళ్లం.

కొన్నాళ్లకు దొర కూడా తిరిగి వచ్చాడు. ఆ వార్త విన్న రోజు మామ జొన్న గటక ముట్టలేదు. మర్నాడు నాగలి భుజాన పెట్టుకుని బయల్దేరాడు, సద్ది గంపతో వెనుక నేను. కాళ్లకు చెప్పులున్నాయి. గడీ అరుగు మీద కుర్చీ వేసుకుని దొర కూర్చున్నాడు. చెయ్యి ఎత్తి పిలవలేదు. ఊరికే చూస్తున్నాడు. మామ ఆగిపోయాడు. నడుం కొంచెం కొంచెంగా ముందుకు వాలడం నేను వెనుక నుంచి చూస్తున్నాను. పెదవులు విడ్డాయి.

"బాం..."

నేను గట్టిగా దగ్గాను.

"బా... బాగున్నరా దొరా?"

దొర ఉలిక్కిపడ్డాడు. "ఆఁ... బాగున్న" అన్నాడు. తానేమన్నాడో తెలిసేలోపే మామ నాలుగడుగులు దాటేశాడు.

చేనుకు పోయి మామ నాగలి దింపి గట్టు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. "ఆయన గూడ జెప్పిండు గదా బిడ్డా! అడిగితే జెప్తరన్న మాట!" ఇంటికి వచ్చి చెబితే అత్త మాత్రం లెక్క తప్పనివ్వలేదు. సగం మాట నోట్లోంచి వచ్చింది గనక సగం జొన్నలు విసరాలంది. మామ ఎదురు మాట్లాడకుండా కూర్చుని విసిరాడు. ఈసారి తలుపు తెరిచే ఉంది.

పోరాటం ఆగిపోయాక నా పెనిమిటి ఇల్లు చేరాడు. గడ్డం పెరిగి, చిక్కి, గుర్తుపట్టలేనట్టు వచ్చాడు. గొంగడి లేదు. ఇంకొకటి కూడా లేదని మాకు రెండు రోజులకు అర్థమైంది. ఆయన గొంతు పోయింది. అడవిలో అన్నేళ్లు గుసగుసగా బతికిన మనిషి, ఇంట్లో కూడా చెవి దగ్గరికొచ్చి, "జరన్ని మంచినీళ్లు" అనేవాడు. సభలో నిలబడి ఊరికి చెప్పిన మనిషేనా అనిపించేది. నేనూ మామా చేను గురించి గట్టిగా వాదులాడుకుంటుంటే, అటూ ఇటూ చూసి తలుపు వేయబోయేవాడు.

"గిది అడివి గాదు, ఇల్లు. జర గట్టిగ మాట్లాడు" అనేదాన్ని.

తల ఊపేవాడు. మళ్లీ గుసగుసే. నేను తొందరపెట్టలేదు. ఒక మాట నోటి నుంచి పోవడానికి ఎంత కాలం పడుతుందో మా ఇంట్లో చూశాం. గొంతు తిరిగి రావడానికి కూడా దాని కాలం దానికి కావాలి.

తొలకరి పడ్డాక ఆయన అరక కట్టాడు. నేనూ మామా గట్టు మీద విత్తనాలు చెరుగుతున్నాం. మడి మధ్యలో ఎద్దు ఒకటి మొండికేసి పక్క చేను మీదికి లాగింది. ఆయన ముందు గుసగుసగానే అదిలించాడు. ఎద్దు వినలేదు. ఇంకోసారి అదిలించాడు. అది పోయి పక్కవాళ్ల మొలకల్లో మూతి పెట్టింది.

"హై! హై! నీ యవ్వ, ఇటు రావే!"

ఆ కేకకు వాగు అవతల గొర్లు కాసేవాళ్లు కూడా తలెత్తి చూశారు. ఆయనే అదిరిపడి, నాగలి మేడి వదిలేసి మా వైపు చూశాడు. మామ చేట కింద పెట్టి, పైపంచతో కళ్లు తుడుచుకుని, నాతో అన్నాడు.

"సద్ది మూట ఇప్పు బిడ్డా. నా కొడుకు ఇంటికొచ్చిండు."