డాక్టర్లు చేతులెత్తిన రోజు

నా చిన్నప్పుడు పెద్దవాళ్ల మాటలను ఉన్నవి ఉన్నట్టే నమ్మేదాన్ని. మాది మొయినాబాద్ పక్కన సురంగల్. నాకు ఏడేళ్లప్పుడు మా నాయనమ్మకు జబ్బు చేసింది. ఆమెను అవ్వ అనేవాళ్లం. బాపు ఆమెను బస్సులో పట్నం దవాఖానకు తీసుకుపోయి, నాలుగో రోజు వెనక్కి తెచ్చాడు. లోపల మంచం మీద పడుకోబెట్టి, బయటికొచ్చి అమ్మతో మెల్లగా అన్నాడు: "డాక్టర్లు చేతులెత్తేసిన్రు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకేమీ అర్థం కాలేదు. మా చర్చిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పాస్టరయ్యా పెద్దలూ చేతులెత్తి ప్రార్థన చేసేవారు. పట్నం డాక్టర్లు కూడా అవ్వ కోసం చేతులెత్తారంటే ఎంత మంచివాళ్లు! దీనికి ఏడుపెందుకు? పైగా బాపు అమ్మతో, "అవ్వకు చెప్పకు" అన్నాడు. మంచి మాట దాచడమేమిటో అసలే తెలియలేదు. అవ్వ దగ్గర అందరూ "తగ్గిపోతది" అంటారు, గడప దాటగానే కళ్లు తుడుచుకుంటారు.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు అమ్మ నీళ్లకు పోగానే అవ్వ మంచం పక్కన చేరాను.

"అవ్వా, ఫికర్ చెయ్యకు. నీ కోసం డాక్టర్లు చేతులెత్తేసిన్రట."

అవ్వ నా వైపు తిరిగింది. "ఎట్ల ఎత్తిన్రు బిడ్డా, జర చూపియ్యి" అంది. చర్చిలోలాగా ఎత్తి చూపించాను. నవ్వింది. నవ్వుతుండగానే కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. "మంచిగ చెప్పినవ్. ఇంట్ల ఎవ్వరు చెప్తలేరు. మీ బాపును పిలువు" అంది.

అవ్వకు షాబాద్‌లో ఒక చెల్లెలు ఉండేది. ఏదో పెళ్లిలో మాటా మాటా పెరిగి, ఆరేళ్లుగా ఇద్దరికీ పలకరింపుల్లేవు. ఆ రోజే ఆమెను పిలిపించమంది. వాళ్లిద్దరూ ఒకే మంచం మీద రెండు రోజులు కబుర్లు చెప్పుకున్నారు. వారం తిరగకముందే అవ్వ పోయింది. అంతమంది డాక్టర్లు చేతులెత్తినా ఎందుకు బతకలేదో నాకు తోచలేదు.

ఆ మాటకు అసలు అర్థం బడిలో, నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. "అవ్వకు చావు కబురు చెప్పింది నేనేనా?" అని అమ్మను అడిగాను. "నువ్వు చెప్పకపోతే ఆ అక్కచెల్లెండ్లు కలిసేటోళ్లా?" అంది అమ్మ.

పెద్దయ్యాక నర్సునయ్యాను. ఆ రోజు నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేను. కానీ ముప్పై ఏళ్లలో, అడిగిన రోగికి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. చెప్పాక పక్కన కూర్చుని, ఎవరిని పిలిపించమంటారని అడిగేదాన్ని.