టీచరు గారి రెండో షాపు, నా ఎంబీఏ

2023 వేసవి. రాజమండ్రిలో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో నేను క్లయింట్ సర్వీసింగ్ చూసేవాణ్ణి. అంటే క్లయింటు చెప్పేది డిజైనర్‌కీ, డిజైనర్ గొణిగేది క్లయింటుకీ, ఎవరికీ కోపం రాకుండా చేరవేసే పని. మధ్యలో క్యాప్షన్లు కూడా రాసేవాణ్ణి. మీరు సిగ్నల్ దగ్గర ఆగి, తలెత్తి హోర్డింగ్ చదివి, ‘ఇదెవడు రాశాడ్రా బాబూ’ అనుకున్నవాటిలో కొన్ని నావే.

అప్పట్లో నా దగ్గర ఒక రహస్యం ఉండేది. పుణెలో ఫుల్‌టైమ్ ఎంబీఏకి సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి. చేరితే ఉద్యోగం మానేయాలి. మా బాస్ రామరాజు గారు నాకు పని నేర్పిన మనిషి. పెళ్లి సంబంధాలకి పంపే నా ఫోటోకి దగ్గరుండి లైటింగ్ పెట్టించిన మనిషి. ఆయనకి చెప్పే ధైర్యం లేక, రోజూ ఆయన తెప్పించే టిఫిన్ తింటూ లోలోపల కుమిలిపోయేవాణ్ణి. కుమిలిపోతూనే రెండో పెసరట్టు అడిగేవాణ్ణి, అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే పాలకొల్లు నుంచి ఎస్తేరు టీచరు గారి పని వచ్చింది. లూథరన్ మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆవిడ బేకరీ పెట్టారు. అది బాగా నడుస్తోంది. ఇప్పుడు రిటైర్మెంటు డబ్బంతా పెట్టి భీమవరంలో రెండో షాపు తెరవాలని ఆలోచన. బ్రీఫ్ కోసం వెళ్లాను. యాడ్ ఎవరికి, ఏం చెప్పాలి అని క్లయింటుని అడిగి రాసుకోవడాన్ని బ్రీఫ్ అంటాం. నేను అడగకుండానే టీజర్ చెప్పేశాను. టీజరంటే సరుకు చూపించకుండా ఊరించే ప్రకటన.

“‘భీమవరం, నోరు రెడీ చేసుకో!’ అని పెడదామండి.”

“బానే ఉంది. ఇంతకీ షాపు పెట్టమంటావా, వద్దంటావా?”

“దానికింకో క్యాప్షన్ కూడా అనుకున్నానండి...”

“క్యాప్షను కాదు బాబూ. పెట్టాలా, వద్దా?”

ఆ షాపు నడుస్తుందో లేదో తెలియకపోవడం అలా ఉంచండి, అసలు ఎలా ఆలోచించాలో కూడా నాకు తెలియదు. ఆ కంగారులో నా గుట్టు నేనే విప్పేశాను.

“ఇలాంటివి తెలుసుకుందామనే ఎంబీఏకి రాశానండి. సీటొచ్చింది. వెళ్లాలో మానాలో తేలట్లేదు. ఎవరికీ చెప్పకండేం.”

“నేనెవరికి చెప్తాను? దేవుడికి చెప్తానంతే.”

చెప్పారు. కాకపోతే పాస్టర్ గారి ద్వారా. ఆదివారం ఆరాధనలో ప్రార్థన అంశాలు చదువుతూ, ఒకరి మోకాలి ఆపరేషన్‌కీ ఇంకొకరి టెన్త్ పరీక్షలకీ మధ్యలో, ‘యాడ్స్ కంపెనీ కిశోర్ ఉద్యోగం మాని పుణె వెళ్లాలో వద్దో తేల్చుకునే జ్ఞానం కోసం’ అని చదివారట. సంఘమంతా ఆమేన్ అంది. అందులో మా క్లయింట్లు కూడా ఉన్నారు. సోమవారం ఆఫీసు ఫోన్ ఆగలేదు. ఒక ప్రకటన ఎంతమందికి చేరిందో దాన్ని రీచ్ అంటాం. నేను చేసిన ఏ క్యాంపెయిన్‌కీ అంత రీచ్ రాలేదు.

“రండి కిశోర్ గారూ, కూర్చోండి” అన్నారు బాస్. మా వైపు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. “ఊరంతా మీకోసం ప్రార్థన చేస్తోందటండీ. ఈ గదిలోవాడికే కబురు లేదు.”

“చెబుదామనే అనుకుంటున్నానండి.”

“ఉద్యోగం చేసుకుంటూ చదివేవి ఉంటాయంటగా. అది చదవొచ్చుగా?”

“ఇక్కడుంటే ఎవరేం అడిగినా సాయంత్రానికి క్యాప్షన్ ఇచ్చేస్తానండి. టీచరు గారు డబ్బంతా పెట్టనా అని అడిగితే కూడా అదే ఇచ్చాను. ఆ అలవాటు పోవాలంటే కొన్నాళ్లు ఇక్కడ ఉండకూడదు.”

ఆయన డైరీ తీసి రేపటి పేజీ చూశారు. “రేపు పాలకొల్లు పోదాం పద. ముందు ఆవిడ సంగతి తేల్చు” అన్నారు. ‘గారు’ పోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు బేకరీలో చెప్పేశాను.

“టీచరు గారూ, మీరడిగినదానికి జవాబు నాకు తెలీదండి. యాడ్ బాగా చేస్తాం. దాంతో షాపు నడుస్తుందని మాత్రం చెప్పలేను.”

పక్కన బాస్‌కి దగ్గు వచ్చింది. క్లయింటు ముందు ‘తెలీదు’ అనడం మా వృత్తిలో లేదు.

“ఏవండీ రాజు గారూ, ఇతనింతకుముందెప్పుడైనా ఇలా అన్నాడా?”

“లేదండి. నేనూ అనలేదు.”

“అయితే యాడ్ ఆపండి. భీమవరంలో నాలుగు చోట్ల విచారించుకుని అప్పుడు చూస్తాను.”

ఆర్డరు పోయింది. టీచరు గారిచ్చిన ప్లమ్ కేకు చేతిలో మిగిలింది.

“ఇంకా చేరకముందే ఆర్డరు పోగొట్టావు. చదువు పూర్తయితే ఏజెన్సీయే మూయించేస్తావేమో” అన్నారు బాస్, కారు నడుపుతూ, కేకు తింటూ. గోదావరి మీద సిద్ధాంతం వంతెన దాటాక కారు పక్కకి ఆపారు.

“ఒరేయ్, ఆ కాలేజీకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పెయ్. ఆఫీసుకెళ్తే నాకు పంపబుద్ధి కాదు.”

గోదావరి గాలికి అవతలివాళ్లకి నా మాట వినపడలేదు. వస్తున్నానని అరవాల్సి వచ్చింది. ఫోన్ పెట్టి చూస్తే బాస్ కళ్లు తుడుచుకుంటున్నారు. ఇసుక పడిందన్నారు. ఇసుక లారీలు తిరిగే దారే, కాదనలేం.

టీచరు గారు భీమవరం మానుకుని, మరుసటేడు తణుకులో చిన్న షాపు తీసుకున్నారు. నన్నెందుకు అడగలేదంటే, “నువ్వింకా ఫస్టియరే కదా బాబూ” అన్నారు.

చదువు ముగించి నేను మళ్లీ యాడ్స్ పనిలోకే వచ్చాను. యాడ్ కావాలని వచ్చేవాళ్లలో కొందరు నిజానికి భయపడి వస్తారు. ఈ కేసు తర్వాత నేను ముందు ఆ భయం ఏమిటో అడుగుతున్నాను. తెలియకపోతే తెలియదంటున్నాను. క్యాప్షన్ అడిగితే మాత్రం వెంటనే ఇస్తాను, ఆ జబ్బుకి పుణెలో కూడా మందు దొరకలేదు.