ఇద్దరికి వండడం రాని మా బావ

"చెల్లే, మీ బావ లేస్తలేడు" అని పోయిన నెల ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. అదేమిటో నన్ను అడుగుతున్నట్టుగా ఉంది. నేను మందమర్రి నుంచి మెట్‌పల్లి చేరేసరికి బావను వాకిట్లో పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. అంతకుముందు ఆయన జ్వరమని కూడా పడుకోగా నేను చూడలేదు.

బావ ఒకప్పుడు మస్కట్‌లో కూలీల క్యాంపులో వంటమనిషి. ఆటో బోల్తాపడి నడుమూ కాలూ విరిగి అక్క కరీంనగర్ దవాఖానలో పడ్డప్పుడు సెలవు మీద వచ్చాడు. ఆపరేషన్ మీద ఆపరేషన్ అయింది. పుండు మానలేదు, సెలవు మాత్రం అయిపోయింది. తిరిగి పోకపోతే వీసా పోతుందని మా బాపు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "పోతె పోనియ్యి మామా. దీన్ని ఇట్ల ఇడ్సిపెట్టి నేనేడికి వోతా" అన్నాడు బావ. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

దవాఖాన వెనక గల్లీలో ఒక గది తీసుకుని వంట మొదలుపెట్టాడు. వందలమందికి వండిన మనిషికి ఇద్దరికి వండడం చేతకాదు. ఏది పొయ్యెక్కించినా వంటగంజు నిండేది. జర తక్కువ వండు బావా అంటే, "చెయ్యి ఇంటలేదు పిల్లా" అని నవ్వేవాడు. మిగిలిందంతా వార్డు వరండాలో ఉండేవాళ్లకు పెట్టేవాడు. మనవరాలి కోసం ఖానాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అయితే, ఆయన పప్పుచారు కోసం పొద్దుటి నుంచే గిన్నె కడిగి పెట్టుకునేది.

అక్క మాత్రం తినేది కాదు. తినకపోతే పుండు మానదని డాక్టర్ చెప్పి చెప్పి విసిగిపోయాడు. నేను బతిమాలాను, తిట్టాను, ముద్ద నోటిదాకా తెచ్చి ఏడ్చాను. అక్క అటు తిరిగి పడుకునేది. మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఇక దక్కదనే అనుకున్నాం.

బావ ఒక్కసారి కూడా తినమనలేదు. ముసలమ్మనూ ఇంకో ఇద్దరినీ పిలిచి, అక్క మంచం పక్కన చాప పరిచి వడ్డించాడు. వాళ్లు ఉప్పు తక్కువైందంటూ, ఊరి ముచ్చట్లు చెప్పుకుంటూ తిన్నారు. చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు ఇదేం విందని నేను కసురుకున్నాను. "క్యాంపుల కొత్తగ వచ్చినోనికి ఇల్లు యాదికొచ్చి బువ్వ వోదు. తినుమంటె ఇంక ఏడుస్తడు. వాని ముంగట కూసొని తినాలె, గంతే" అన్నాడు. నర్సు వచ్చి గొడవ చేస్తే ఆమె చేతిలోనూ ఒక గిన్నె పెట్టాడు.

కొన్నాళ్లు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క ఇటు తిరిగి, జరంత చారు పోయమంది. బావ పోసి, గబగబా వరండాలోకి నడిచాడు. వెళ్లి చూద్దును కదా, తువ్వాలలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

అక్క తింది. పుండు మానింది. మొదట వాకర్‌తో, తర్వాత చేతికర్రతో నడిచింది. మా అక్కను మాకు తిరిగి ఇచ్చింది ఆ మనిషే. మెట్‌పల్లిలో టిఫిన్ బండి పెట్టుకుని, ఇంట్లో వంట కూడా తనే చేసేవాడు.

బావ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, పిట్ట ముట్టేదాకా అందరూ కాచుకుని ఉంటారు. ఏం వండాలని పెద్దమ్మ అక్కను అడిగింది. అక్కకు తెలియదు. నా వైపు చూసింది. నాకూ తెలియదు. మాలో ఎవరికి ఏమిష్టమో బావకు తెలుసు. ఆయన మాత్రం అందరూ తిన్నాక గంజు అడుగున ఏది మిగిలితే అది తినేవాడు.

చివరికి మటన్, గారెలు, పప్పు, అన్నీ పెట్టారు. కాకులు ప్రహరీ మీద వాలాయి గానీ కిందికి దిగలేదు. ఎండ ముదిరింది. "నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం, ఫికర్ వెట్టుకోకు" అని పెద్దలు ఒక్కొక్కరే మాట ఇచ్చారు. అయినా కాకులు రాలేదు.

అక్క కర్ర పక్కన పెట్టి విస్తరి ముందు నిలబడింది. కుర్చీ వేస్తే వద్దంది.

"ఏం తింటవో చెప్పు" అంది, ప్రహరీ మీది కాకుల వైపు చూస్తూ. "ఇప్పుడు నిలవడుతున్న గద. నేను వండుత."